శనివారం ఫోన్-ఇన్: "అప్‌డేట్ కొట్టాను, గీత పడింది"

యాంకర్: నమస్కారం. ఫోన్లు, మాట్లాడే స్పీకర్లు, వాటి కంపెనీలతో పడే తంటాల మీద ఈ గంట. స్టూడియోలో సార్ ఉన్నారు. 20 ఏళ్ళుగా ఫోన్ల రిపేరు చేస్తున్నారు, వినియోగదారుల కేసుల్లో జనానికి కాగితాలు రాసిపెడుతుంటారు కూడా. ఒక్క మనవి, కంపెనీ పేరు, షాపు పేరు చెప్పొద్దండి. మొదటి కాల్ విశాఖపట్నం నుంచి.

కాలర్ (విశాఖ): నమస్తే సార్. 28 వేలు పెట్టి ఫోన్ కొన్నాను. డబ్బాలో చార్జర్ లేదు, వైరొకటి పడేశారు. కేసు వేయొచ్చా?

నిపుణుడు: డబ్బా వెనకాల చదివారా?

కాలర్: లేదు సార్.

నిపుణుడు: లోపల ఏమేమి ఉన్నాయో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చార్జర్ అని రాసి ఇవ్వకపోతే పట్టుకోవచ్చు. రాయకపోతే కేసు నిలబడటం కష్టం. ఇలా చార్జర్ ఇవ్వకపోవడం 2020లో ఆపిల్ ఐఫోన్ 12తో మొదలుపెట్టింది, పర్యావరణం కోసం అంది. మరుసటి జనవరికల్లా శాంసంగ్ కూడా ఎస్21కి చార్జర్ తీసేసింది. బ్రెజిల్ ప్రభుత్వం మాత్రం 2022లో ఆపిల్‌కి జరిమానా వేసింది. మీది టైప్-సి అయితే ఇంట్లో ఉన్న పాత చార్జరే పెట్టుకోండి, కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకి అమ్మేది కొనకండి. బీఐఎస్ గుర్తు, అంటే ప్రభుత్వ నాణ్యతా ముద్ర ఉండాలి.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాత తెనాలి. చెప్పండమ్మా.

కాలర్ (తెనాలి): హలో, వినబడుతోందా అండీ?

యాంకర్: వినబడుతోంది. రేడియో సౌండు తగ్గించండి.

కాలర్: ఒరేయ్, తగ్గించరా దాన్ని. ఆఁ. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతానండి. ఫోన్ మా అక్క కొడుకు కొనిపెట్టాడు. కొనిపెట్టాడంటే డబ్బులు నావే, 22 వేలు, వాడు వెళ్ళి తెచ్చాడు. రెండేళ్ళ నాలుగు నెలలైంది. కింద పడలేదు, నీళ్ళు తగల్లేదు. మిషను పక్కన చిన్న గూడుంది, అందులోనే ఉంటుంది. అప్‌డేట్ అప్‌డేట్ అని రోజూ వస్తుంటే 'తర్వాత' నొక్కుతూనే ఉన్నా. మొన్న రాత్రి విసుగొచ్చి సరే అన్నా. తెల్లారి చూద్దును కదా, పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత. దారం లాగి పెట్టినట్టు.

నిపుణుడు: ఒకటేనా?

కాలర్: అప్పుడొకటే. ఇప్పుడు పక్కన ఇంకోటి, గులాబీ రంగు. నిన్న ఒకావిడకి వీపు డిజైను చూపిస్తుంటే, "ఈ ఆకుపచ్చ పైపింగు భలే ఉంది, నాకూ ఇదే వెయ్యండి" అంది. అది పైపింగు కాదు తల్లీ, ఫోన్ గీత అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇంతకీ నా ఫోటోలు పోతాయా అండీ? నాలుగేళ్ళ డిజైన్లున్నాయి.

నిపుణుడు: ఫోటోల సంగతికి వస్తాను. సర్వీస్ సెంటర్‌కి వెళ్ళారా?

కాలర్: వెళ్ళకేం. గుంటూరు బస్సెక్కి వెళ్ళా. ఆ అబ్బాయి ఇలా తిప్పి అలా తిప్పి, ఫిజికల్ డ్యామేజీ, స్క్రీను 14 వేలు అన్నాడు. వారంటీ కూడా అయిపోయిందన్నాడు.

నిపుణుడు: జాబ్ షీట్, అదే, ఫోన్‌లో ఏం లోపం చూశారో రాసిచ్చే కాగితం, ఇచ్చాడా?

కాలర్: చీటీయా? లేదండి, నోటితోనే చెప్పాడు.

నిపుణుడు: చూశారా! నేను వారం వారం మొత్తుకునేది ఇదే. జాబ్ షీట్ చేతికి రాకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. నోటితో ఎన్నయినా అంటారు. "పగుళ్ళు లేవు, అప్‌డేట్ తర్వాత గీత వచ్చిందని కస్టమర్ చెప్పారు" అని ఆ కాగితం మీద రాయించాలి. ఫిజికల్ డ్యామేజీ అంటే ఎక్కడుందో అదీ రాయమనండి. చాలామంది అక్కడే తగ్గుతారు.

కాలర్: మరి ఇది కావాలని చేస్తారాండీ వాళ్ళు? కొత్తది కొనాలని?

నిపుణుడు: కావాలని అని నేను అనను. మీ ఫోన్‌ది అమోలెడ్ స్క్రీన్ అయి ఉంటుంది. అందులో ఎర్ర, ఆకుపచ్చ, నీలం చుక్కలు దేనికదే వెలుగుతుంది. ఆ చుక్కల వరసలకి కరెంటూ కబురూ తెచ్చేది కాగితమంత పల్చటి పట్టీ. దాని అతుకు ఒకచోట వదిలితే ఆ వరస మొత్తం ఒకే రంగులో వెలుగుతూ ఉండిపోతుంది. పెద్ద అప్‌డేట్ ఎక్కేటప్పుడు ఫోన్ వేడెక్కుతుంది, అప్పటికే బలహీనంగా ఉన్న అతుకు అప్పుడు వదలొచ్చు. అంటే లోపం ముందే ఉందన్నమాట, మీ వాడకంలో కాదు. అందుకే కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్ళకి వారంటీ దాటాక కూడా ఉచితంగా స్క్రీన్ మార్చాయి. మీ మోడల్ అందులో ఉందేమో అడగాలి. అడక్కపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

యాంకర్: అప్‌డేట్ వల్ల నష్టపోతే కంపెనీలు బాధ్యత తీసుకున్న సందర్భాలు ఉన్నాయా సార్?

నిపుణుడు: బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్ల వేగం తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. చేసినవాళ్ళు ముందే చెప్పాలిగా! దాని మీద అమెరికాలో పడిన కేసు 2020లో 50 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని రాజీ అయింది. ఇటలీలో 2018లో ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా పడింది, అది కూడా అప్‌డేట్ల గొడవే. కాబట్టి "అప్‌డేట్ నొక్కింది మీరే కదా" అంటే బెదిరిపోకండి.

కాలర్: మా వీధి చివర కుర్రాడు 4,500కి స్క్రీను వేస్తానన్నాడండి.

నిపుణుడు: వద్దు. వద్దమ్మా. అది కాపీ డిస్‌ప్లే. రంగులు తేడా వస్తాయి. మీ పనిలో రంగే కదా ముఖ్యం! పైగా బయట విప్పిన ఫోన్‌ని కంపెనీ మళ్ళీ ముట్టుకోదు, మీ కేసూ పోతుంది.

కాలర్: ఇంకోటండీ. నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు చూసి చేశా. ఆయన బాగానే మాట్లాడాడు. ఒక యాప్ వేసుకోమన్నాడు, 10 రూపాయలు పంపితే కంప్లయింటు రిజిస్టర్ అవుతుందన్నాడు.

నిపుణుడు: పంపారా?

కాలర్: అప్పుడే బేరం వచ్చిందండి. మళ్ళీ చేస్తానని పెట్టేశా.

నిపుణుడు: ఆ బేరానికి దండం పెట్టుకోండి! ఆ యాప్ వేస్తే మీ స్క్రీన్ మొత్తం వాడికి కనబడుతుంది, ఓటీపీతో సహా. వింటున్న అందరికీ చెబుతున్నా, కస్టమర్ కేర్ నంబర్ నెట్‌లో వెతకొద్దు. డబ్బా మీదో, ఫోన్ సెట్టింగుల్లోనో ఉన్నది తీసుకోండి. ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

కాలర్: సరేనండి. ఇంతకీ ఫోటోలు...

నిపుణుడు: అయ్యో, మర్చిపోయాను. ఫోటోలు గీత వల్ల పోవు, అవి స్క్రీన్‌లో ఉండవు. కానీ గీతలు పెరిగి తెర మొత్తం నల్లబడితే లాక్ తీయలేరు, అప్పుడు కష్టం. టైప్-సి పెన్‌డ్రైవ్ ఒకటి తెప్పించి, ఇవాళే అన్నీ అందులోకి కాపీ చేయండి. సర్వీస్‌కి ఇస్తే అంతా చెరిపేయొచ్చు, కాపీ లేకుండా ఇవ్వొద్దు. తర్వాత జాబ్ షీట్. అది పెట్టి 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వేయొచ్చు, కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా సరే. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు ఉండాలనీ లేదు. గడువు రెండేళ్ళు.

కాలర్: నేను కొని రెండేళ్ళు దాటింది కదండీ?

నిపుణుడు: కొన్న రోజు నుంచి కాదమ్మా, గొడవ పుట్టిన రోజు నుంచి. మీకు గీత పడింది మొన్ననేగా.

కాలర్: అమ్మయ్య. పెన్‌డ్రైవ్ అంటే మా వాడికి తెలుసా అండీ?

యాంకర్: తెలుస్తుందమ్మా. ధన్యవాదాలు. అనంతపురం, త్వరగా చెప్పాలి.

కాలర్ (అనంతపురం): సార్, తాళం తీయకముందే తెర మీద అడ్వర్టైజ్‌మెంట్లు. నేను వేయని గేములు వాటంతటవే దిగుతాండాయి. డబ్బులిచ్చి కొనింది నేను కదా?

నిపుణుడు: మీరే. లాక్ స్క్రీన్ సెట్టింగుల్లో వాల్‌పేపర్లు మార్చే సర్వీసు ఉంటుంది, అది ఆపండి. ఫోన్‌తో వచ్చిన కంపెనీ యాప్ స్టోర్‌కి నోటిఫికేషన్ అనుమతి తీసేయండి. ముందే యాప్‌లు కట్టగట్టి పెట్టించడం మీద కంపెనీల మధ్య పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది, అయినా ఇంకా...

యాంకర్: లైన్ కట్టయింది. కరీంనగర్.

కాలర్ (కరీంనగర్): నమస్తే సార్. మా ఇంట్ల మాట్లాడే స్పీకర్ ఉన్నది. మా బిడ్డ పేరు అలేఖ్య. బిడ్డను పిలిస్తే అది లేస్తది.

యాంకర్: పేరు చెప్పకుండానే చెప్పేశారండీ!

కాలర్: (నవ్వు) గదే పరేషాన్. మరి మేం మాట్లాడుకునేవన్నీ వింటదా?

నిపుణుడు: పిలుపు మాట కోసం ఎప్పుడూ చెవి పెట్టే ఉంటుంది. పొరపాటున లేస్తే ఆ తర్వాతి మాటలు రికార్డయి కంపెనీకి పోతాయి. ఆపిల్ ఫోన్లలో మాటకి జవాబిచ్చే సిరి ఇలాగే పిలవకుండా లేచి విన్నదని అమెరికాలో కేసు పడితే, తప్పు ఒప్పుకోకుండానే ఆపిల్ 2025లో 9.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. మీరు యాప్‌లో పిలుపు మాట మార్చుకోండి, బిడ్డ పేరు మార్చనక్కర్లేదు. పాత రికార్డింగులు కూడా అందులోనే చెరిపేయొచ్చు. పడుకునేటప్పుడు మైక్ బటన్ నొక్కండి.

యాంకర్: ఆఖరి కాల్, రాజమండ్రి. పెద్దాయన చాలాసేపట్నుంచి లైన్‌లో ఉన్నారు.

కాలర్ (రాజమండ్రి): నాకు చూపు తక్కువ బాబూ. ఫోన్‌లో మాట్లాడే గొంతుకి "అబ్బాయికి ఫోన్ చెయ్యి" అంటే చేసేది. మొన్న దాన్ని తీసేసి కొత్త గొంతు పెట్టారు. అదేమో "మీ అబ్బాయితో ఏం మాట్లాడాలనుకుంటున్నారు?" అంటుంది. నీకెందుకే అన్నాను. దానికీ జవాబు చెప్పింది.

నిపుణుడు: (నవ్వు) మిమ్మల్ని అడక్కుండా మార్చారు, అది తప్పే. సెట్టింగుల్లో పాతదానికి తిరిగి వెళ్ళే దారి ఇంకా ఉందేమో ఎవరిచేతైనా చూపించండి. దాంతో పని లేకుండా ఇంకోటి ఉంది. డయల్ ప్యాడ్‌లో రెండో అంకెకి అబ్బాయి నంబరు కట్టించుకోండి. మధ్య వరసలో పైన ఉండేది. నొక్కి పట్టుకుంటే చాలు, నేరుగా వెళ్తుంది.

కాలర్: అది మనవరాలు ఎప్పుడో పెట్టిందే. నేను వాడనే లేదు. ఉండు బాబూ, చూస్తాను.

నిపుణుడు: ఇప్పుడు కాదండీ, మీరు మాట్లాడుతున్నది ఆ ఫోన్‌లోనే...

యాంకర్: కట్టయిపోయింది. సమయం కూడా అయిపోయింది. వచ్చే శనివారం వాషింగ్ మెషీన్లు. నమస్కారం.