కొత్త పెల్లెట్ స్టవ్: మొదటి మంట, ఆ తర్వాత బూడిద పని

(హాపర్ మూత తెరిచి సంచిలోంచి పెల్లెట్లు పోస్తున్న దృశ్యం)

పెల్లెట్ స్టవ్, అంటే రంపపు పొట్టును నొక్కి చేసిన చిన్న గింజల్లాంటి పెల్లెట్లను మండించి గదిని వేడిచేసే స్టవ్, బిగించేశారు, పెల్లెట్ల సంచి పక్కనే ఉంది, ఇంక బటన్ నొక్కేద్దాం అని చేయి లాగేస్తుంటుంది కదా, ఒక్క నిమిషం ఆగండి. ముందు తలుపు తీసి లోపల చూడండి. ప్యాకింగ్ కాగితాలు, స్టిక్కర్లు, మాన్యువల్ కవరు బూడిద ట్రేలోనో, పెల్లెట్లు పోసే తొట్టి అయిన హాపర్‌లోనో ఉండిపోవడం మామూలే. అదే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, దీని విషయంలో మాత్రం బేరాలు లేవు.

ఇప్పుడు కిటికీలు తెరవండి. మొదటిసారి వేడెక్కినప్పుడు స్టవ్ మీది పెయింట్ గట్టిపడుతూ ఘాటు వాసన, కొంచెం పొగ వస్తాయి. ఒకట్రెండుసార్లు బాగా మండాక ఆ వాసన పోతుంది. ఈలోగా ఆ పెయింట్‌ను ముట్టుకోవద్దు, తుడవద్దు.

స్టార్ట్ నొక్కగానే మంట రాదు. ఆగర్, అంటే పెల్లెట్లను తోసే స్క్రూ, ఇంకా ఖాళీగా ఉంది. అది నిండి గింజలు బర్న్ పాట్‌లోకి, అంటే అవి మండే చిన్న గిన్నెలోకి, రాలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆపైన ఇగ్నైటర్ ఎర్రబడి వాటిని అంటించాలి. మొదటి ప్రయత్నంలో ఎర్రర్ చూపించి ఆగిపోయినా టెన్షన్ పడకండి. కానీ మళ్లీ స్టార్ట్ చేసేముందు, చల్లారాక, పాట్‌లో పోగైన పెల్లెట్లు మొత్తం తీసేయండి. ఆ కుప్ప మీదే ఇంకా గింజలు పడితే మంట రాకుండా పొగ నిండుతుంది, ఆ పొగ ఒక్కసారిగా అంటుకుంటే తలుపు అదిరిపోతుంది. తీసిన వాటిని తిరిగి హాపర్‌లో పోయకండి, ఒక్క గింజలో నిప్పు మిగిలి ఉన్నా చాలు. కిరోసిన్, పెట్రోల్ అయితే దగ్గరికే తేవద్దు.

(క్లోజప్: మంట)

ఇదిగో, ఇక్కడ కాసేపు చూడండి. పసుపు రంగులో, చురుగ్గా, చిన్నగా ఎగురుతోందంటే గాలి సరిగ్గా అందుతోంది. అదే మంట పొడుగ్గా, బద్ధకంగా ఊగుతూ, ముదురు నారింజ రంగులోకి తిరిగి, చివర్లో నల్లపొగ తేలుతూ గాజు గంటల్లోనే మసిబారుతోందంటే గాలి చాలడం లేదన్నమాట. చాలామంది వెంటనే సెట్టింగులు తిప్పేస్తారు. నన్నడిగితే ముందు స్టవ్ ఆపి, చల్లారనిచ్చి, బర్న్ పాట్ బయటకు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. అడుగున ఉన్న రంధ్రాల్లో సగం బూడిదతో పూడుకుపోయి కనిపిస్తాయి, కొన్నిసార్లు బూడిద కరిగి గాజుపెంకులా గట్టిపడి అంటుకుని ఉంటుంది, దాన్ని గీకాల్సిందే.

రోజూ వాడేవాళ్లు రోజూ చేయాల్సింది ఈ పాట్ శుభ్రం చేయడమే, రెండు నిమిషాల పని. గాజును తడిగుడ్డ బూడిదలో అద్ది రుద్దితే చాలు. మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో బూడిద లాగకండి. చల్లగా కనిపించే బూడిదలో నిప్పు ఒక రోజు దాటినా బతికి ఉంటుంది, అందుకే దాన్ని మూత ఉన్న ఇనప బకెట్‌లో పోసి బయట, చెక్కకు దూరంగా పెట్టాలి.

తలుపు చుట్టూ ఉన్న సీలు కోసం ఒక చిట్కా: చల్లారిన స్టవ్ తలుపులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే సీలు వదులైనట్టే. అలాంటి చోట గాలి దొడ్డిదారిన లోపలికి పోతుంది, పాట్‌కు అందదు.

ఇంకోటి, మండుతుండగా ప్లగ్ పీకేయకండి. ఆఫ్ బటన్ నొక్కితే మంట ఆరాక కూడా ఫ్యాన్ కాసేపు తిరిగి పొగను బయటకు పంపుతుంది, దాన్ని తిరగనివ్వండి. కరెంటు పోతే ఆ ఫ్యాన్ ఆగిపోతుంది కాబట్టి కాస్త పొగ గదిలోకి రావచ్చు, తలుపు మాత్రం తీయవద్దు.

చలికాలం అయిపోయాక పొగగొట్టం శుభ్రం చేయించి, హాపర్, ఆగర్ పూర్తిగా ఖాళీ చేసేయండి. పెల్లెట్లు తేమ పీల్చాయంటే ఉబ్బి మళ్లీ రంపపు పొట్టు అయిపోతాయి, ఆ పొట్టు స్క్రూలో గట్టిగా బిగుసుకుంటే మెకానిక్‌ను పిలవక తప్పదు.