ఇంటి చుట్టూ ఐదడుగులు

శ్రోతలకు నమస్కారం. కాలిఫోర్నియాలో కార్చిచ్చు రేగిందని టీవీలో చూపించగానే ఇండియా నుంచి అమ్మానాన్నల ఫోన్లు మొదలవుతాయి. "అడవి మాకు చాలా దూరంలెండి" అని మనం సర్దిచెబుతాం. దూరంగా ఉంటే సరిపోదు. ఎందుకో చెబుతాను.

2018 నవంబర్ 8న ఈ రాష్ట్రంలోని ప్యారడైజ్ అనే ఊరు తగలబడింది. ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఆనాటి ఫొటోల్లో ఒక వింత ఉంది: ఇల్లు పునాదుల దాకా కాలిపోయింది, పక్కనే పైన్ చెట్టు పచ్చగా నిలబడి ఉంది. మంట గోడలా వచ్చి మీద పడి ఉంటే ముందు పోయేది ఆ చెట్టే. ఇలాంటి ఇళ్లు చాలావరకు గాల్లో ఎగిరొచ్చిన నిప్పురవ్వలతోనో, కాలుతున్న పక్కింటి సెగతోనో అంటుకుంటాయి. రవ్వలు మైలు దాటి కూడా వచ్చి పడతాయి. మన పల్లెల్లో ఒక పూరిల్లు అంటుకుంటే గాలివాటున ఉన్న చూర్లన్నీ గబగబా తడిపేవాళ్లు, అదే సంగతి.

రవ్వ పడ్డాక అది రాజుకోవడానికి ఏదో ఒకటి దొరకాలి. చూరు వెంట వాననీటి గట్టర్లలో ఎండాకులు, గోడవారగా మొక్కల మొదట్లో పరిచిన చెక్కముక్కల మల్చ్, గోడకు ఆనిన చెక్క కంచె, గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్ట, పోర్చ్‌లో పేరుకున్న అట్టపెట్టెలు. మన తెలుగువాళ్లకు ఇంకోటి కూడా: ఉగాదికి కట్టిన మామిడాకుల తోరణం దసరా దాకా ఎండి వేలాడుతూనే ఉంటుంది! అందుకే ఇంటిని ఆనుకుని ఐదడుగుల మేర కాలే వస్తువేదీ ఉంచవద్దంటారు. అక్కడ కంకర పరిస్తే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. అటకకు గాలి ఆడే వెంట్లకు ఎనిమిదో వంతు అంగుళం సందున్న లోహపు జాలీ వేయించండి. అటకలోకి దూరిన రవ్వ బయటికి కనిపించదు.

మీరు ఇదంతా చేసినా పక్కిల్లు అంటుకుంటే ఆ సెగకు మీ కిటికీ అద్దాలు పగలవచ్చు. ఇళ్లు మరీ దగ్గరగా ఉండే మన కమ్యూనిటీల్లో అసలు చిక్కు ఇదే. కనుక హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, మీటింగులో పార్కింగ్ గొడవల మధ్య ఈ మాట కూడా ఎత్తండి. ఇరుగుపొరుగు కలిసి కార్చిచ్చు నుంచి ఇళ్లను కాపాడుకునే ఫైర్‌వైజ్ అనే కార్యక్రమం 2002 నుంచి ఉంది, ఎనిమిది ఇళ్లు కలిసినా చేరవచ్చు. ఇలాంటి జాగ్రత్తలు తీసుకున్న ఇళ్లకు ఇన్సూరెన్స్‌లో తగ్గింపు ఇవ్వాలని ఈ రాష్ట్రంలో నిబంధన కూడా ఉంది.

ఎండుగడ్డి కోయాలంటే పొద్దున పది లోపే కోయండి. గడ్డి కోసే మోవర్ బ్లేడు రాయికి తగిలి లేచిన రవ్వ చాలు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు పగలు ఒంటరిగా ఉంటే, కరెంటు పోయినప్పుడు గరాజ్ తలుపు చేత్తో ఎలా ఎత్తాలో ఈ వారాంతంలోనే నేర్పండి. పైన వేలాడే ఎర్ర తాడు లాగితే మోటారు విడిపోతుంది. తలుపు బరువుగా ఉంటుంది కాబట్టి ఒకసారి వాళ్లతోనే ఎత్తించి చూడండి. వాళ్ల బలానికి లేవకపోతే వీధి గుమ్మం నుంచి ఎటు నడవాలో, ఏ పొరుగింటి తలుపు తట్టాలో చూపించండి.