చెవికి గాటున్న కుక్క, మెడకు బెల్టున్న కుక్క

[తెర మీద: హైదరాబాద్‌లో ఒక కాలనీ. గేటు పక్కన నీడలో పడుకున్న వీధికుక్క. కెమెరా దాని చెవి దగ్గరికి వెళ్తుంది.]

ఈ కుక్క చెవి అంచున చిన్న గాటు కనిపిస్తోంది కదా, అది డాక్టరు పెట్టింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని, రేబిస్ టీకా పడిందని దాని గుర్తు. మత్తులో ఉండగానే పెడతారు కాబట్టి కుక్కకి నొప్పి తెలియదు. కుక్కల బండి మళ్లీ వచ్చినా సిబ్బంది ఈ చెవి చూసి, దీనికి ఆపరేషన్ అయిపోయిందని గుర్తుపడతారు.

[తెర మీద: ఫ్లైఓవర్ పిల్లర్ దగ్గర ఒక లాబ్రడార్. పక్కటెముకలు తేలాయి. మెడలో బెల్టు.]

ఇప్పుడు దీన్ని చూడండి. జాతి కుక్క, మెడలో బెల్టు కూడా ఉంది. ఈ రెండింటిలో ఎక్కువ ఆపదలో ఉన్నది ఇదే. ఎందుకో చెప్తాను. ముందు మొదటి కుక్క సంగతి.

మన దేశంలో వీధికుక్కల విషయంలో పాటించాల్సినవి 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు. వీటినే ఏబీసీ రూల్స్ అంటారు. కుక్కని పట్టుకోవాలి, ఆపరేషన్ చేసి టీకా వేయాలి, కోలుకున్నాక ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. 'మళ్లీ మా వీధిలోనే ఎందుకు వదులుతారు?' అని చాలామంది కోప్పడతారు. చెత్తకుండీ దగ్గర తిండి ఉన్నంతకాలం, ఉన్న కుక్కల్ని తీసేస్తే ఆ చోటుకి పక్క వీధి కుక్కలు వచ్చేస్తాయి. వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా టీకా, ఆపరేషన్ అయ్యాక అదే చోట వదలమంది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకూడదని అదే ఏడాది నవంబరులో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది.

[తెర మీద: తెల్లవారుజాము. చేతిలో బిస్కెట్లతో ఒకావిడ, వెనకాల గోనెపట్టా పట్టుకుని ఒక కుర్రాడు.]

కాగితం మీద ఇదంతా తేలికే. వీధిలోకి వస్తే, బండి చప్పుడు వినగానే కుక్కలు పారిపోతాయి. వాలంటీర్ల అవసరం ఇక్కడే. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిస్తే కుక్క దగ్గరికొస్తుంది. ఏది ఎక్కడ పడుకుంటుందో, దేనికి ఇంకా ఆపరేషన్ కాలేదో వాళ్లకి తెలుసు. ఆపరేషన్‌కి ముందు రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి ఆ పూట తిండి పెట్టరు. ఆడకుక్క అయితే ముందు పొట్ట కింద చూస్తారు. పాలు కారుతుంటే దాన్ని అసలు పట్టరు. ఎక్కడో మెట్ల కిందో, ఆగిన కారు కిందో కళ్లు తెరవని పిల్లలు ఉంటాయి. తల్లిని తీసుకెళ్తే అవి ఆకలికి చచ్చిపోతాయి.

ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, రెండు నెలలు మోస్తుంది. ఆ పిల్లల్లో ఎన్నో కార్ల కింద పడో, పార్వో వచ్చో పోతాయి. పార్వో అంటే వాంతులు, నెత్తురు విరేచనాలు. డ్రిప్ పెట్టించి రాత్రంతా పక్కన కూర్చున్నా ఒక్కోసారి దక్కవు. ఆ బాధ చూసిన ఎవరైనా ఆపరేషన్ క్రూరత్వం అనరు.

భయం సంగతి కూడా మాట్లాడాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల ప్రేమ గురించి చెప్పలేం. అందుకే తిండి పెట్టేవాళ్లకి నియమం ఉంది: పిల్లలు ఆడే చోట, మెట్ల దగ్గర, గేటు దగ్గర పెట్టకూడదు. ఒకే చోట, ఒకే వేళకి పెట్టి, మిగిలింది ఎత్తేయాలి. ఇది పాటించని ఫీడర్ వల్ల ఆ కుక్కలకే ముప్పు.

ఎవరినైనా కరిస్తే గాయాన్ని పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పూయకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, టీకా డోసులు మధ్యలో ఆపకండి.

[తెర మీద: మళ్లీ లాబ్రడార్.]

ఇక దీని కథ. ట్రాన్స్‌ఫర్ అయిందని, ఇంట్లో చంటిబిడ్డ వచ్చిందని, వెంట్రుకలు రాలుతున్నాయని, ముసలిదైందని వదిలేస్తారు. ఇక పిల్లలు పెట్టదని కొందరు బ్రీడర్లు వదిలేస్తారు. ఇన్నాళ్లూ గిన్నెలో అన్నం తిన్న కుక్కకి చెత్తలో వెతుక్కోవడం రాదు, ట్రాఫిక్ తెలియదు. స్థానిక కుక్కలు దగ్గరికి రానివ్వవు. కారు వెళ్లిన వైపే చూస్తూ, దించిన చోటే రోజుల తరబడి కూర్చుంటుంది.

ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ మొత్తం మారలేదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అందుకే తెచ్చుకునే ముందే ఆలోచించండి. కుక్క పదేళ్లు, పన్నెండేళ్లు మీతో ఉంటుంది. మంచు దేశపు హస్కీని మన మే నెల ఎండల్లో పెంచడం దాన్ని హింసించడమే. ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లని అమ్మడం చట్టవిరుద్ధం, అంత చిన్నది చేతిలో పెడుతుంటే అక్కడ కొనకండి. అసలు కొనాల్సిన పనేముంది? 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. 1992 నుంచి ఉన్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలూ దత్తత ఇస్తాయి. తెచ్చుకున్నాక టీకాలు, మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్, ఆపరేషన్ చేయించండి. బయటికి తీసుకెళ్తే తాడు చేతిలో ఉండాలి.

నిజంగా పెంచలేని పరిస్థితి వస్తే రెండు నెలల ముందే వాలంటీర్లకి చెప్పండి. ఊరెళ్లే ముందు రోజు ఫోన్ చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు, షెల్టర్లన్నీ నిండి ఉంటాయి.

ఇలాంటి కుక్క మీకే దొరికితే ముందు నీళ్లు పెట్టండి. దగ్గర్లోని వెటర్నరీ క్లినిక్‌లో మైక్రోచిప్, అంటే యజమాని ఎవరో తెలిపే, చర్మం కింద పెట్టే చిన్న చిప్, ఉందేమో చూపించండి. తప్పిపోయింది కూడా అయ్యుండొచ్చు, ఏరియా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టండి. ఒంటి మీది ఒక మచ్చ మాత్రం ఫొటోలో పడకుండా చూసుకోండి. నాదేనంటూ వచ్చినవాళ్లని ఆ మచ్చ ఎక్కడుందో అడగండి, పాత ఫొటోలు, టీకా కార్డు చూపించమనండి. చూపించాకే అప్పగించండి.