కాల్చే ముందు ఒక మాట: దుప్పులు, నీటి పక్షులు, టాక్సిడెర్మీ

(వన్యప్రాణి వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అటవీ శాఖ అధికారులకు, పశువైద్య మిత్రులకు, జంతుశాస్త్ర అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. పరిచయం చేసినవారు నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం మా గురువుగారికి, తక్కిన సగం మా మ్యూజియం అటెండరుకు చెందుతాయి కనుక వాటిని అటే పంపించి విషయంలోకి వస్తాను. ఈ వారోత్సవాల్లో బతికి ఉన్న జంతువుల గురించి మాట్లాడడం ఆనవాయితీ. నేను చచ్చినవాటి గురించి మాట్లాడతానని ముందే చెప్పినా, నిర్వాహకులు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

మొదట ఒక సందేహం తీర్చాలి. టాక్సిడెర్మీ, అంటే చచ్చిన జంతువు చర్మం ఒలిచి బతికున్నట్టు నిలబెట్టే విద్య, అనగానే హాల్లో సోఫా పైన గోడకు తగిలించే కొమ్ముల తల గుర్తుకు వచ్చేవారు మన మధ్య ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఆ కోరికతో వచ్చినవారెవరైనా ఉంటే, టీ తాగి నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అదే చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. దొరికినవారు 48 గంటల్లోగా పోలీస్ స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి. 44వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఈ వృత్తి చేయకూడదు. మైసూరులో రాజులకూ దొరలకూ పులులను, చిరుతలను నిలబెట్టి ఇచ్చిన వాన్ ఇంజెన్ కర్మాగారం కూడా వేట ఆగిపోయాక పని తగ్గి చివరకు 1999లో మూతపడింది. ఆ కాలం పోవడం మంచిదే. నేను దాని కోసం కన్నీరు కార్చడానికి రాలేదు.

నా బాధ వేరు. చచ్చిన దుప్పి ప్రభుత్వ ఆస్తి అని చట్టం అన్నది కదా, మరి ఆ ఆస్తిని మనం ఏం చేస్తున్నాము? పంచనామా రాసి, పోస్టుమార్టం చేసి, కాల్చివేస్తున్నాము, లేదా గొయ్యి తీసి పూడ్చిపెడుతున్నాము. ఘాట్ రోడ్డులో లారీ గుద్దిన దుప్పి కావచ్చు, ఊరకుక్కలు తరిమి చంపినది కావచ్చు, నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్టు మీది గూటి నుంచి జారిపడిన గూడబాతు (పెలికాన్) పిల్ల కావచ్చు, అన్నిటికీ అదే ముగింపు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. అయినా ఈ రెండు రాష్ట్రాల్లో డిగ్రీ చదివే జంతుశాస్త్ర విద్యార్థి దుప్పి చర్మం మీద చేయి వేసి చూసే అవకాశం ఎన్ని కళాశాలల్లో ఉన్నదో, ఇక్కడ కూర్చున్న అధ్యాపకులు గుండె మీద చేయి వేసుకుని చెప్పాలి.

దీని వెనుక ఒక కథ ఉంది. క్లుప్తంగా చెబుతానని మా ఆవిడకు మాట ఇచ్చి వచ్చాను, కాని చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో, పేరు అనవసరం, గాజు బీరువాలో ఒక గూడబాతు ఉండేది. రెక్కలు ముడుచుకుని, కంఠం కింది సంచి ఎండి ముడతలు పడి, చూపుకు అందమైనదేమీ కాదు. దాని కాలికి దారంతో కట్టిన చీటీ మీద, గోధుమ రంగుకు తిరిగిన సిరాతో, పక్షి దొరికిన ఊరు, తేదీ, ఆడా మగా, బరువు, కాళ్ల రంగు, కడుపులో దొరికిన చేపల వివరం రాసి ఉండేవి. అది ఆరేడు అనే ఊరి వైపు పక్షి. 1940లలో పక్షి పరిశీలకులు కె.కె. నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర గూడబాతుల గూళ్లు చూసి ప్రపంచానికి తెలియజేశారు. తరువాతి దశాబ్దాల్లో ఆ పక్షులు ఆ చోటు విడిచిపోయాయి. అంటే ఆ చీటీ కట్టిన పక్షి ఇప్పుడు లేని ఒక గూళ్ల కాలనీకి సాక్ష్యం. దాని ఈక ఒకటి పరీక్షకు పంపితే పురుగుమందులు పొలాల్లోకి రాకముందు కొల్లేటి ప్రాంతపు చేపలో ఏముండేదో కొంతైనా తెలిసే వీలుండేది. పాశ్చాత్య దేశాల్లో డీడీటీ అనే పురుగుమందు వల్ల డేగల గుడ్ల పెంకు పలచబడిందని తేలింది ఇలా దాచిన పాత గుడ్లను కొలిచినప్పుడే కదా.

అటువంటి దానిని మా వాళ్లు ఏం చేశారు? ల్యాబుల్లో జంతువుల కోతలు తగ్గించమని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2011లో మార్గదర్శకాలు ఇచ్చి, 2014లో పూర్తిగా ఆపమన్నప్పుడు, అది బతికున్న కప్పల మేలు కోరి ఇచ్చిన ఆదేశమని అర్థం చేసుకోకుండా, మ్యూజియమే అనవసరమని అర్థం చేసుకున్నారు. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారు. పాత సామాను జాబితాలో విరిగిన కుర్చీల తరువాత, తుప్పు పట్టిన స్టాండ్ల ముందు, 'పక్షులు, జంతువులు (పాడైనవి)' అని ఒక వరుస రాసి వేలం వేశారు. గూడబాతుతో పాటు ఒక దుప్పి తల, రెండు పరజలు (అడవి బాతులు), ఒక ఎర్రకాళ్ల కొంగ కూడా వెళ్లిపోయాయి. చీటీలు అంతకుముందే తుడిచేవాళ్లు తెంపేశారట. చీటీ తెగిన నమూనా గడ్డి నింపిన తోలు మాత్రమే, శాస్త్రానికి అది ఎందుకూ పనికిరాదు. పైగా పాత నమూనాలకు పురుగు పట్టకుండా పాషాణం (ఆర్సెనిక్ విషం) కలిపిన సబ్బు పూసేవారు. ఆ ఈకలను వీధి పిల్లలు తలలో పెట్టుకుని ఆడుకున్నారని విన్నప్పుడు నాకు కలిగినది కోపమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేను. మీ కళాశాలలో పాత నమూనాలు ఉంటే దయచేసి వట్టి చేతులతో దులపవద్దు, పారవేయనూ వద్దు.

సరే, విషయానికి వస్తాను. ఈ విద్య నేర్చుకోవాలనే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి? నన్ను అడిగినవారందరూ దుప్పితో మొదలుపెడతామంటారు. వద్దు. బాతుతో మొదలుపెట్టండి, అదీ అడవి బాతుతో కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోత అయిన వరిచేలలో బాతుల మందలను మేపేవారున్నారు. వారి దగ్గర చచ్చిన నాటు బాతును కొని తెచ్చుకుంటే ఏ చట్టమూ అడ్డురాదు. బాతు చర్మం ఒలవడం వచ్చినవారికి పరజ ఒలవడం వస్తుంది, గూడబాతు కూడా సగం వచ్చినట్టే.

బాతులో రెండు చిక్కులున్నాయి. మొదటిది తల. చిన్న పిట్టల్లో మెడ చర్మాన్ని తల మీదుగా మేజోడులా తిరగేసి లాగవచ్చు. బాతు మెడ సన్నం, తల లావు. లాగితే చిరుగుతుంది. కాబట్టి తల వెనుక భాగాన చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి పుర్రెను శుభ్రం చేసి, మళ్లీ కుట్టాలి. కుట్టు ఈకల కింద కనబడదు. రెండవది కొవ్వు. నీటి పక్షికి చర్మం కింద పసుపు రంగు కొవ్వు పొర దట్టంగా ఉంటుంది. ఈకల మొదళ్ల వరుసల మధ్య దానిని ఓపికగా గీకి తీసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి, మళ్లీ గీకి, మళ్లీ కడగాలి. తొందరపడి వదిలేస్తే ఆ రోజు ఏమీ తెలియదు. ఏళ్లు గడిచాక ఆ నూనె బయటికి కారి, రొమ్ము మీది తెల్లని ఈకలు పచ్చబడి, తోలు పెళుసెక్కి పొడి అవుతుంది. కడిగిన చర్మాన్ని వెలిగారం (బోరాక్స్) కలిపిన సన్నని రంపపు పొట్టులో పొర్లించి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెడితే, తడిసి తాడులా ముద్దయిన ఈకలు ఒక్కొక్కటిగా విచ్చుకుని మళ్లీ పక్షి రూపం తెచ్చుకుంటాయి. నా విద్యార్థులు ఈ విద్యను ఇష్టపడడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఒలిచిన కండను పారవేయకుండా పక్కన పెట్టుకుని, అదే కొలతకు గడ్డిని దారంతో బిగించి చుట్టి ఒళ్లు తయారుచేయాలి. కాళ్లకు, మెడకు, రెక్కలకు తీగలు దూర్చాలి. ముక్కు రంగు, కాళ్ల రంగు ఆరేకొద్దీ వెలిసిపోతాయి కనుక, చర్మం తడిగా ఉన్నప్పుడే ఫొటో తీసుకుని, తరువాత ఆ ప్రకారం రంగు వేయాలి.

దుప్పి సంగతి వేరు. అక్కడ శత్రువు మన ఎండ. మే నెలలో నల్లమల రోడ్డు పక్కన పడి ఉన్న దుప్పి కొద్ది గంటల్లోనే లోపల కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు చర్మం చూడడానికి బాగానే ఉంటుంది గాని, నానబెట్టగానే వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా చేతికి వస్తాయి, ఇక ఏ మందూ పనిచేయదు. అందుకే ముందు చల్లబరచాలి, వెంటనే ఒలవాలి. ఒలిచే ముందే ముక్కు కొస నుంచి కంటి మూల వరకు, మెడ చుట్టూ కొలతలు రాసుకోవాలి. చెవిలోని మృదులాస్థిని విడదీసి చెవిని లోపలికి తిరగేయాలి. పెదవులు, ముక్కుపుటాలు చీల్చి పలచన చేయాలి, లేకపోతే ఉప్పు లోపలికి ఎక్కదు. ఉప్పు అంటే అయోడిన్ కలపని సన్న ఉప్పు, ఇంచుమించు చర్మం బరువంత. మరునాడు ఆ ఉప్పు దులిపి కొత్త ఉప్పు పట్టించాలి. తరువాత ఆమ్లపు నీళ్లు, పదును పెట్టడం, పలచగా గీకడం, నూనె పెట్టడం వరుసగా జరగాలి. దుప్పి కంటి ముందు చీలికలా ఒక గ్రంథి ఉంటుంది. చాలామంది దానిని కుట్టి మూసేస్తారు, ముఖం మేక ముఖమైపోతుంది. చర్మం లోపల పెట్టే మూసలు విదేశాల్లో అక్కడి జింకల కొలతలకు తయారై అమ్ముతారు. మన చుక్కల దుప్పికి అవి సరిపడవు, మనమే చేసుకోవాలి. ఈ పనులన్నీ కసాయి దుకాణంలో దొరికే మేక తల మీద నేర్చుకోవచ్చు, చెవి అదే, పెదవి అదే, ముక్కు అదే. కృష్ణజింక గురించి ఒక్క మాట: అది దుప్పిలా కొమ్ములు రాల్చదు. దాని కొమ్ము లోపల ఎముక, పైన తొడుగు ఉంటాయి. తొడుగు తీసి లోపల శుభ్రం చేయకపోతే వాసన పోదు.

నేర్పేవారెవరని అధ్యాపకులు అడుగుతారు. మా తరంలో ఈ పని తెలిసినవారు తగ్గిపోయారు, నిజమే. కాని చర్మం తెలిసినవారు మన దగ్గర తగ్గలేదు. తంగేడు చెక్కతో తోలు పదును పెట్టడం ఈ నేల మీద ఎన్ని తరాల విద్య! ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు ఒకప్పుడు దేవతా పాత్రలకు జింక చర్మం వాడేవారు, ఇప్పుడు మేక చర్మంతో చేస్తున్నారు. చర్మాన్ని ఎంత పలచగా గీకితే వెలుగు దాటుతుందో వారికి వేలి కొసల్లో తెలుసు. కొండపల్లిలో పొనికి చెక్కను చెక్కి ఏనుగును నిలబెట్టేవారికి మూస చెక్కడం కష్టమా? జంతు శరీర నిర్మాణం తెలిసిన పశువైద్యుడు, తోలు తెలిసిన పనివాడు, బొమ్మ తెలిసిన చెక్కుడువాడు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే చాలు. తోలు పని చేసేవారిని దూరంగా నిలబెట్టిన సమాజం ఈ బల్ల దగ్గరైనా వారిని గురువులుగా కూర్చోబెట్టాలని నా మనవి. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు.

ఇది గాలిలో మేడ కాదు. ముంబయి బోరివలిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనంలో 2009 నుంచి వన్యప్రాణి టాక్సిడెర్మీ కేంద్రం ఉంది. బాంబే వెటర్నరీ కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన సంతోష్ గాయక్వాడ్ గారు దానిని నడిపించారు. అటవీ శాఖ, పశువైద్య కళాశాల కలిసి అక్కడ చేయగలిగినది తిరుపతిలోనో, గన్నవరంలోనో, రాజేంద్రనగర్‌లోనో ఎందుకు చేయలేము? ఈ మూడు చోట్లా పశువైద్య కళాశాలలున్నాయి.

పశువైద్యుడిని పదే పదే తలచుకోవడానికి కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పరాన్నజీవుల వల్ల గూడబాతులు గుంపులుగా చచ్చిపోయిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు. నీటి పక్షులు గుంపుగా చచ్చాయంటే అది పరాన్నజీవి కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు. పరీక్ష ఫలితం రాకముందు ఏ విద్యార్థీ వాటిని తాకకూడదు. ముక్కు నుంచో, మలద్వారం నుంచో గడ్డకట్టని రక్తం కారుతున్న దుప్పి కనబడితే ఆంత్రాక్స్ అనే ప్రమాదకరమైన అంటురోగాన్ని అనుమానించాలి. దానికి కత్తి పెట్టకుండా డాక్టరుకు కబురు చేయాలి. అటువంటివి కాల్చవలసినవే, అందులో నాకు వాదన లేదు. రోడ్డు మీద చచ్చినదానిని, గూటి నుంచి పడినదానిని, తీగకు తగిలినదానిని కూడా అదే లెక్కలో వేయడమే నా అభ్యంతరం.

అటవీ అధికారి డీఎఫ్ఓ గారు ముందు వరుసలో ఉన్నారు కనుక అడుగుతున్నాను. అయ్యా, ప్రతి డివిజనుకు ఒక డీప్ ఫ్రీజర్ ఇప్పించండి. పోస్టుమార్టం చేసే డాక్టరు కోతను పొట్ట మధ్య గీతకే పరిమితం చేసి, మెడను, ముఖాన్ని కత్తి తాకకుండా ఉంచేలా ఒక సర్క్యులర్ ఇప్పించండి. దొరికిన చోటు, తేదీ, కారణం రాసిన చీటీ కట్టి మైనస్ 20 డిగ్రీల్లో పెడితే, లైసెన్సు ఉన్న కేంద్రం ఏర్పడే వరకు చర్మం ఆగుతుంది. అనుమతుల కాగితాలు మేము తయారుచేసి తెస్తాము. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారి సంతకం కోసం ఎన్నిసార్లు తిరగమన్నా తిరుగుతాము, పెన్షనర్లకు వేరే పనేముంది.

విద్యార్థులకు చివరగా ఒక సూచన. పక్క ల్యాబులో రెండు నాటు బాతులు నిన్న రాత్రి ఫ్రిజ్‌లో నుంచి తీసి పెట్టారు, ఈపాటికి మెత్తబడి ఉంటాయి. చేతి తొడుగులు, వెలిగారం, సూది దారం అక్కడే ఉన్నాయి. భోజనం ముందు చేస్తారా తరువాత చేస్తారా అన్నది మీ ధైర్యం. మొదటి గాటు రొమ్ము ఎముక చివరి నుంచి పెట్టండి, కత్తి మొన లోతుగా దించవద్దు, పొట్ట తెగితే ఈకలు పాడవుతాయి. నేను పది నిమిషాల్లో వస్తాను. సెలవు.