ఆ శాంపిళ్లు ఎక్కడున్నాయి?

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ఆగస్టు 20 కాబట్టి రొనాల్డ్ రాస్ గురించి మాట్లాడమన్నారు. 1897లో ఇదే రోజున మన సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అది మీ పాఠాల్లో ఉంది. నన్ను నా గొడవ చెప్పుకోనివ్వండి.

2006 నాటి చికున్‌గున్యా గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. మాస్టార్లే ఎత్తుతున్నారు. సరే పిల్లలూ, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వదల్లేదు. చెంబు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆ ఏడాది దేశంలో అనుమానిత చికున్‌గున్యా కేసులు 13.9 లక్షలు.

పాతదే మళ్లీ వచ్చిందనుకున్నారు చాలామంది. 1963లో కలకత్తా, ఆ తర్వాత మద్రాసు, విశాఖ, కాకినాడ, 1973లో మహారాష్ట్రలోని బార్శి చూసిన జబ్బే కదా! కానీ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) వాళ్లు 1963, 1973 నాటి వైరస్‌లను దాచి ఉంచారు. కొత్తదాన్ని వాటి పక్కన పెట్టి జన్యుక్రమం చదివి పోలిస్తే, పాతది ఆసియా రకం, కొత్తది ఆఫ్రికా రకం అని తేలింది. ఇంకో విచిత్రం. 2000లో పుణె దగ్గర యవత్‌లో పట్టిన దోమల్లో దొరికిన వైరస్ కూడా ఆఫ్రికా రకమే. ఊళ్లకు ఊళ్లు మంచం పట్టడానికి ఐదేళ్ల ముందే అది మన గడప తొక్కింది. ఆ దోమల్ని ఎవరో పట్టి, దాచబట్టి ఈ మాట తెలిసింది.

ఎలా తెలుస్తుందంటారా? ఈ వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏలో సుమారు 11,800 అక్షరాలుంటాయి. తాటాకు గ్రంథం ఎత్తి రాసేటప్పుడు దొర్లిన తప్పు ఆ తర్వాతి ప్రతులన్నిటికీ ఎక్కినట్టే, ఇక్కడి తప్పులూ వంశపారంపర్యం. ఏ తప్పు ఎవరెవరిలో ఉందో చూసి వంశవృక్షం గీస్తారు. శాంపిల్ మీద తేదీ, ఊరు ఉంటే ఎప్పుడు, ఏ దారిన వచ్చిందో కూడా అంచనా కట్టొచ్చు. తేదీ లేకపోతే ఏం లాభం?

2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో మూడో వంతు జనానికి ఇది సోకింది. అక్కడ వైరస్‌ను ముఖ్యంగా మోసింది ఒంటి మీద తెల్ల చారలుండే టైగర్ దోమ. తొలి శాంపిళ్లలో లేని ఒక మార్పు కొన్ని నెలలకే దాదాపు అన్నిట్లో కనిపించింది. వైరస్ పైపొరలోని ‘ఈ1’ అనే ప్రోటీన్‌లో 226వ చోట అలనిన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలిన్ అనేది వచ్చింది. ఆర్‌ఎన్‌ఏలో మారింది ఒకే అక్షరం! దాంతో ఆ దోమలో వైరస్ బాగా పెరగసాగింది. మన దగ్గర 2006లో ఆ మార్పు లేదు, ఇళ్లలోని ఏడిస్ ఈజిప్టై దోమే సరిపోయింది. 2007లో కేరళలో అదే మార్పు విడిగా పుట్టింది. ఆ ఏడాదే కేరళ నుంచి ఇటలీ వెళ్లిన ఒక ప్రయాణికుడి ద్వారా అక్కడి ఓ పల్లెకు చేరి, రెండు వందల మందికి పైగా సోకింది. టైగర్ దోమ అక్కడ ముందే కాపురముంది మరి.

ఇక నా గొడవ. 2006లో నేను పనిచేసిన ల్యాబ్‌లో రోగుల రక్తం నుంచి తీసిన సీరం ఉన్న ఒక్కో చిన్న సీసాకీ తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద ఊరు, తేదీ, జ్వరం ఎన్నో రోజో రాసేవాళ్లం. డీప్ ఫ్రీజర్‌లో ట్రేల నిండా ఉండేవి. తనిఖీ వస్తోందని ఒక మధ్యాహ్నం మొత్తం ఖాళీ చేయించారు. “రిపోర్టులు ఇచ్చేశాంగా, ఇంకా ఎందుకు?” అన్నారు. ఎందుకా? మా ఊళ్లకి అది ఏ దారిన వచ్చిందో ఇక ఏ యంత్రమూ చెప్పలేదు. మళ్లీ చెబుతున్నా, ఏ యంత్రమూ చెప్పలేదు. కోట్లు పెట్టి జన్యుక్రమం చదివే సీక్వెన్సర్లు కొంటున్నారు, సంతోషం. వాటిలో పెట్టడానికేముంది?

టైమైపోయిందని సైగ చేస్తున్నారు.  ప్రశ్నలుంటే అడగండి. ముందు నాకొకటి చెప్పండి, మీ కాలేజీ ఫ్రీజర్ తాళం ఎవరి దగ్గరుంది? కరెంటు పోతే జనరేటర్ లైను దానికుందా?