పున్నమి కాదు, అష్టమి: చందమామ ఫోటోలు, టెలిస్కోపు ఎంపిక

హోస్ట్: నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడతా ఉన్నాం. ఈసారి సంగతి చందమామ. పున్నమి వస్తే చాలు, మిద్దెక్కి ఫోన్ పైకి ఎత్తుతాం. తీరా చూస్తే ఫోటోలో ట్యూబ్‌లైట్ ముక్క లాంటి తెల్ల చుక్క. ఎందుకట్ల అవుతుందక్కా?

గెస్ట్: ఎందుకంటే తెర నిండా నల్లటి ఆకాశమే. ఫోన్ ఆ నలుపును చూసి లెక్క కడుతుంది, వెలుతురు ఎక్కువ లాగుతుంది. మనకు రాత్రే గానీ, చంద్రుడి మీద మనకు కనిపించే భాగంలో పట్టపగలు. ఎండలో ఉన్న తారురోడ్డును ఫోటో తీస్తున్నాననుకో, చాలావరకు సరిపోతుంది. ఆ నేల తన మీద పడిన వెలుతురులో 12 శాతం మాత్రమే తిరిగి పంపుతుంది. వెన్నముద్దలా కనపడుతుంది గానీ అసలు రంగు బొగ్గుకు దగ్గర.

హోస్ట్: వెన్నెల మీద ఇన్ని పాటలు రాసుకున్నాం, చివరికి తారురోడ్డా! (నవ్వు) సరే, కెమెరాలో ఏం పెట్టాలి?

గెస్ట్: పున్నమి చంద్రుడు బాగా పైకి వచ్చినాక లెన్సు రంధ్రం ఎఫ్ 11 (ఈ అంకె తగ్గితే రంధ్రం పెద్దది), వెలుతురుకు సెన్సరు చురుకు అంటే ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో వందో వంతు. అక్కడి నుంచి లెక్క వేసుకో. ఎఫ్ 8 పెడితే 200వ వంతు, ఎఫ్ 5.6 పెడితే 400వ వంతు. అర్ధచంద్రుడైతే దానికి నాలుగు రెట్లు వెలుతురు కావాలి, అంటే ఎఫ్ 5.6 దగ్గర వందో వంతు. సన్న నెలవంకకు ఇంకా పెంచాలి. ఆకాశం అంచున ఎర్రగా ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ పనిచేయవు, తెర చూసి సర్దుకోవాల్సిందే. ఫోన్‌లోనైతే చంద్రుడి మీద వేలు నొక్కిపెట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి. తర్వాత సూర్యుడి గుర్తును కిందికి లాగు, మచ్చలు కనపడే దాకా.

హోస్ట్: అర్ధచంద్రుడికి రెట్టింపు చాలదా? సగమే కదా తక్కువ.

గెస్ట్: సగం చంద్రుడు సగం వెలుగు ఇవ్వడు, పున్నమి వెలుగులో పదో వంతు ఇస్తాడు. అది సగం పళ్లెం నుంచే వస్తుంది కాబట్టి ఒక్కో చోట వెలుగు దాదాపు ఐదో వంతు, అందుకే నాలుగు రెట్లు. ఎండ పక్కనుంచి పడుతుంది, ప్రతి గుంతా, ప్రతి గట్టూ నీడ పరుస్తుంది. పున్నమి నాడు సూర్యుడు మన వీపు వెనకే ఉన్నట్టు లెక్క, నీడలుండవు. అందుకే ఫోటోకు పనికిమాలిన రోజేదంటే పున్నమే. టైకో గుంత నుంచి చిమ్మిన తెల్ల చారలు తప్ప లోతు కనపడదు. ఫోటోకు అసలు రోజులు శుక్ల పంచమి నుంచి ద్వాదశి దాకా.

హోస్ట్: తిథులతో చెబుతున్నారే! యాప్ లేదా?

గెస్ట్: యాప్‌లు బోలెడు. కానీ గోడకు వేలాడే క్యాలెండరే ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. తిథి అంటే ఏమిటి? సూర్యుడికీ చంద్రుడికీ మధ్య 12 డిగ్రీల ఎడం. చంద్రుడి మీద పొద్దు పొడిచే గీత ఎక్కడుందో తెలియాలంటే 90 లోంచి ఆ ఎడం తీసెయ్యి. పంచమి ముగిసేసరికి ఎడం 60. తీసేస్తే 30, అంటే చంద్రుడి తూర్పు రేఖాంశం 30 దగ్గర తెల్లవారుతా ఉంది. థియోఫిలస్ గుంత 26 డిగ్రీల తూర్పున ఉంది, కాబట్టి అది షష్ఠి నాడు నీడల్లోంచి లేస్తుంది. అష్టమి నడిమికి గీత సరిగ్గా మధ్యలోకి వస్తుంది.

హోస్ట్: మైనస్ వస్తే పడమర అన్నమాట.

గెస్ట్: అంతే. నవమి నాడు ప్లేటో, టైకో గుంతలు, స్ట్రెయిట్ వాల్ అనే 110 కిలోమీటర్ల గోడ. అదే రాత్రి ఎపెనైన్ కొండల వరస నీడలు ఇంకా పొడుగ్గానే ఉంటాయి. దశమి కోపర్నికస్‌ది. 93 కిలోమీటర్ల గుంత, లోపల మెట్లు మెట్లుగా జారిన గోడలు. చంద్రుడి మీద ఒక్క ఫోటోనే తీస్తానంటే దశమి నాడు దీన్నే తియ్యమంటా. ద్వాదశికి అరిస్టార్కస్ గుంత. చంద్రుడు కాస్త ఊగుతా ఉంటాడు కాబట్టి ఈ లెక్క అరరోజు అటూ ఇటూ అవుతుంది. ఇంకో మెలిక ఉంది. క్యాలెండరులో పెద్దక్షరాల్లో వేసేది పొద్దున సూర్యోదయానికి ఉన్న తిథి. మనకు కావాల్సింది రాత్రి 8 గంటలకు ఉన్నది. పక్కన చిన్నక్షరాల్లో తిథి ఎప్పటి దాకానో రాసి ఉంటుంది, అది చూడాలి. ‘సప్తమి మధ్యాహ్నం 2:10’ అని ఉంటే ఆ రాత్రి నీకు దొరికేది అష్టమి.

హోస్ట్: చంద్రయాన్-3 దిగిన చోటు కనపడుతుందా?

గెస్ట్: దిగిన ల్యాండరు విక్రమ్ కనపడదు, చోటు దొరుకుతుంది. 2023 జూలై 14న మన జిల్లాలోని శ్రీహరికోట నుంచే లేచింది, ఆగస్టు 23 సాయంత్రం దిగింది. ఆ సాయంత్రం శుక్ల సప్తమి. దిగింది 69 డిగ్రీల దక్షిణం, 32 డిగ్రీల తూర్పు. తిథి లెక్కలో పెట్టి చూడు, పంచమికే అక్కడ తెల్లవారాలి. సప్తమికి ఎండ కాస్త పైకొచ్చి ఉంటుంది. దక్షిణపు అంచు దగ్గర మాంజినస్ అనే 98 కిలోమీటర్ల గుంత ఉంది, దాని ఇరుగుపొరుగే. అంచున ఉంది కాబట్టి గుంతలన్నీ పళ్లెం పక్కనుంచి చూసినట్టు సన్నగా కనపడతాయి. దక్షిణపు అంచు మన వైపు వాలే రోజుల్లో తియ్యాలి. ఇక ఎంత చిన్నది కనపడుతుందంటే, చంద్రుడి మీద ఒక ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, 1.86 కిలోమీటర్లు. 8 అంగుళాల అద్దమున్న టెలిస్కోపు లెక్క ప్రకారం 1.1 కిలోమీటర్ల దాకా విడదీయాలి. మన ఊరి గాలిలో 3 కిలోమీటర్లు విడిపోయిందంటే ఆ రాత్రి బాగున్నట్టే.

హోస్ట్: గాలి అంటే దుమ్మా?

గెస్ట్: దుమ్ము కాదు, వేడి. తిరుపతి ఎండకు కాంక్రీటు మిద్దె పగలంతా కాలి రాత్రంతా సెగ కక్కుతుంది. ఆ సెగలో చంద్రుడి అంచు ఏటి నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతుంది. పొద్దుగూకక ముందే మిద్దె మీద నీళ్లు చల్లి ఆరనియ్యి. మట్టి నేల దొరికితే ఇంకా మేలు. పక్కింటి ఏసీ యూనిట్ మీదుగా గురి పెట్టొద్దు. టెలిస్కోపును కూడా గంట ముందే బయట పెట్టాలి. 8 అంగుళాల అద్దం ఇంట్లో వేడి మోసుకొస్తుంది, అది చల్లారేదాకా ఏం తీసినా మసకే. చుక్కలు మిలమిలా మెరుస్తా ఉంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఆ రాత్రి వదిలెయ్. గాలి నిలకడగా ఉన్న, కాస్త మంచు పట్టిన రాత్రే మంచిది. ఒక విషయంలో మనం అదృష్టవంతులం. మనది 13.6 డిగ్రీల అక్షాంశం, చంద్రుడు చాలా రాత్రులు నడినెత్తికి దగ్గరగా వస్తాడు. పైకి చూసినంత సేపూ తక్కువ గాలి లోంచి చూస్తున్నట్టు.

హోస్ట్: ఇక కొనే సంగతి. ఆన్‌లైన్‌లో ‘525 రెట్లు’ అని పెద్ద పెద్ద అక్షరాల్లో ఉండాది.

గెస్ట్: ఆ 525 ఎట్ల వచ్చిందో చూద్దాం. లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే దూరం, అదే ఫోకల్ లెంగ్తు, 700 మిల్లీమీటర్లు. కన్ను పెట్టే చిన్న లెన్సు, అదే ఐపీస్, 4 మిల్లీమీటర్లు. భాగిస్తే 175 రెట్లు. దానికి ప్లాస్టిక్ 3ఎక్స్ బార్లో, అంటే బొమ్మను మూడు రెట్లు చేసే లెన్సు, తగిలిస్తే 525. కానీ లెన్సు వ్యాసం 70 మిల్లీమీటర్లు. పనికొచ్చే హెచ్చింపు మిల్లీమీటరుకు 2 రెట్లు, అంటే 140. ఆ పైన పెద్దదవుతుందే గానీ వివరం రాదు, మసక కూడా పెద్దదవుతుంది. డబ్బా మీద రెట్లు రాసి ఉంటే అటు చూడొద్దు, వ్యాసం ఎంతో చూడు. ఆ తర్వాత స్టాండు. గొట్టాన్ని వేలితో తట్టు. ఊగడం 2 సెకన్లలో ఆగితే మంచి స్టాండు. 5 సెకన్లు ఊగిందంటే ఎంత మంచి లెన్సయినా దండగ. 114 వ్యాసం, 1000 ఫోకల్ లెంగ్తు అని ఉండి గొట్టం మాత్రం అర మీటరే ఉందనుకో, లోపల బార్లో దాచిన రకమది. దాన్ని సరిచెయ్యడం తలనొప్పి.

హోస్ట్: మరి ఏం కొనాలి?

గెస్ట్: ఏమీ తెలియకపోతే 10 బై 50 బైనాక్యులర్, అంటే 10 రెట్లు, 50 మిల్లీమీటర్ల లెన్సు. దాన్ని ట్రైపాడ్ మీద పెట్టి నెల రోజులు చూడు, ఆసక్తి నిలబడితే అప్పుడు ముందుకు పో. చంద్రుడి ఫోటోలే ముఖ్యమంటే 127 మిల్లీమీటర్ల మాక్సుటోవ్, అంటే ముందర గాజు, వెనక అద్దం ఉండే టెలిస్కోపు. ఫోకల్ లెంగ్తు 1500, చిన్న గొట్టం, అద్దాల వరస చెదరదు, కెమెరా తగిలిస్తే ఫోకస్ ఖాయంగా వస్తుంది. ముందరి గాజు మీద మంచు పడుతుంది, యోగా మ్యాట్ ముక్క చుట్టి గొట్టంలా ముందుకు తొడిగితే చాలు. ఆకాశమంతా కంటితో చూడాలంటే 6 లేదా 8 అంగుళాల డాబ్సోనియన్, నేల మీద పెట్టె లాంటి స్టాండులో తిరిగే అద్దాల టెలిస్కోపు. ఫోటోలకని దాన్ని వద్దనేవాళ్లున్నారు, ఆ మాట నేను ఒప్పుకోను. చంద్రుడికి 200వ వంతు సెకను చాలు, అంతలో ఆకాశం కదిలేది ఆర్క్‌సెకనులో పదో వంతు కూడా ఉండదు. వెంట తిరిగే మోటారు లేకపోయినా నడుస్తుంది.

హోస్ట్: ఆకాశంతో పాటు తిరిగే స్టాండు, ఈక్వటోరియల్ మౌంటు అంటారే, దాని మాటేమిటి?

గెస్ట్: మన ఊళ్లో దాని తంటా వేరు. దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి కాబట్టి 13.6 డిగ్రీలకు వంచాలి. కొన్ని మౌంట్ల స్కేలు 15, 20 దగ్గరే ఆగిపోతుంది. వంగినా బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనకముందే ఎంత దాకా వంగుతుందో అడుగు. ఇంకోటి, ధ్రువ నక్షత్రం ఉత్తరాన ఆ 13.6 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. తిరుపతికి ఉత్తరాన ఏముంది?

హోస్ట్: కొండ! ఏడుకొండలూ అడ్డం.

గెస్ట్: కిలోమీటరు దూరంలో 240 మీటర్ల కొండ చాలు దాన్ని మూసేయడానికి. కపిలతీర్థం వైపు కొండ కిందే ఉండేవాళ్లు దానికోసం వెతికి అలసిపోవద్దు. చంద్రుడి వరకు ఫోన్ దిక్సూచితో ఉత్తరానికి తిప్పి పెడితే చాలు.

హోస్ట్: డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లకు?

గెస్ట్: ఫోకల్ లెంగ్తును 110 తో భాగించు, సెన్సరు మీద చంద్రుడు ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 300 లెన్సుకు 2.7. 1500కి 13.6. క్రాప్ సెన్సరు, అంటే చిన్న రకం సెన్సరు, ఎత్తు 15కు అటూ ఇటూ కాబట్టి నిండుగా సరిపోతుంది. వెనక అద్దం, పక్కన ఐపీస్ ఉండే న్యూటోనియన్ టెలిస్కోపుకు కెమెరా తగిలిస్తే చాలామందికి ఫోకస్ రాదు. గొట్టం చెడింది అనుకుంటారు. అసలు కారణం ఏంటంటే, కెమెరాను గొట్టానికి బిగించే టీ-రింగుతో కలిపి సెన్సరు 55 మిల్లీమీటర్లు వెనక్కి ఉంటుంది, ఫోకసర్ అంత లోపలికి పోలేదు. నడుమ 2ఎక్స్ బార్లో పెడితే ఫోకస్ బయటికి వస్తుంది. కానీ బొమ్మ కూడా రెట్టింపు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. 150 వ్యాసం, 750 ఫోకల్ లెంగ్తు ఉన్న గొట్టమైతే పున్నమి చంద్రుడు అంచులు తాకొచ్చు. అర్ధచంద్రుడైతే కెమెరాను తిప్పి, చంద్రుడి పొడవు వైపు సెన్సరు పొడవు వైపుకు వచ్చేట్టు పెట్టు. ఫోకస్ లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి, వెలుగూ నీడా కలిసే గీత మీద చెయ్యి, బయటి అంచు మీద కాదు. 2 సెకన్ల టైమరు, రా ఫైలు, లెన్సు అయితే స్టెబిలైజర్ ఆఫ్.

హోస్ట్: ఫోన్‌ను ఐపీస్‌కు పెట్టి తీసేవాళ్లు?

గెస్ట్: బ్రాకెట్ కొనాలి, చేత్తో పట్టుకుంటే విసుగు తప్ప ఏమీ రాదు. 25 మిల్లీమీటర్ల ఐపీస్, 1200 గొట్టానికి 48 రెట్లు, చంద్రుడు మొత్తం పడతాడు. ఫోన్ కవర్ తీసెయ్, 1ఎక్స్ కెమెరానే వాడు, వైడ్ వద్దు. పగలే దూరంగా ఉన్న సెల్ టవర్ మీద పెట్టి బ్రాకెట్ సర్దుకో. వృత్తం ఒక పక్క తిన్నట్టు నల్లబడితే ఫోన్ లెన్సు నడిమికి రాలేదని అర్థం. అసలు వివరం కావాలంటే మాత్రం వీడియోనే.

హోస్ట్: వీడియో తీసి ఏం చేస్తారు?

గెస్ట్: గాలి ఆడతా ఉంటుంది, మధ్యలో ఒక్కో ఫ్రేము నిలకడగా దొరుకుతుంది. 60 నుంచి 90 సెకన్లు తీస్తే 2 వేల ఫ్రేములు. ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, అది నాణ్యత లెక్క కట్టి వరస పెడుతుంది. అందులో ‘సర్ఫేస్’ ఎంచుకోవాలి, ‘ప్లానెట్’ పెడితే బొమ్మంతా చెదిరిపోతుంది. పైన ఉన్న 10 శాతం మాత్రం కలపనియ్యి. తీసేటప్పుడు వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫు, హిస్టోగ్రాం, 70 శాతం దాటనీకు. దాటితే గుంతల ఎండ పడిన గోడలు పిండి పూసినట్టు అవుతాయి. తర్వాత రెజిస్టాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్లు అనే స్లైడర్లతో పదును పెట్టాలి. ఇక్కడే అందరూ అత్యాశకు పోతారు. చంద్రుడి అంచు పక్కన రెండో గీత పుట్టిందంటే పదును ఎక్కువైంది, వెనక్కి రా.

హోస్ట్: టెలిస్కోపు అద్దాల వరస ఎట్ల సరిచూసుకోవాలి?

గెస్ట్: బాగా పైన ఉన్న చుక్కను నడిమికి తెచ్చి కొంచెం ఫోకస్ తప్పించు. వలయాలు, నడిమి నల్లచుక్క ఒకే కేంద్రం మీద ఉండాలి. పక్కకు ఉంటే వెనక మూడు స్క్రూల్లో ఒకదాన్ని ఎనిమిదో వంతు చుట్టు తిప్పు. చుక్క పక్కకు పోతుంది, మళ్లీ నడిమికి తెచ్చి చూడు. ఒకేసారి రెండు స్క్రూలు ముట్టుకుంటే రాత్రంతా అదే పని. ఒక హెచ్చరిక. చవక గొట్టాలతో ఐపీస్‌కు బిగించే ‘సన్ ఫిల్టర్’ వస్తుంది. దాన్ని పారెయ్. ఆ వేడికి అది పగిలితే కన్ను పోతుంది.

హోస్ట్: చివరిగా, వానాకాలం? మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశమే దొరకదు.

గెస్ట్: ఆ మూడు నెలల్లోనే లెన్సుల్లో బూజు పుట్టేది. తడిగా ఉన్నప్పుడు మూత పెట్టొద్దు, గదిలో ఆరినాక పెట్టు. ఐపీస్‌లు రబ్బరు అంచున్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద సన్న సెగన వేడి చెయ్యి, మళ్లీ నీలమవుతాయి. అద్దం మీద దుమ్ముంటే ఉండనియ్యి, బట్టతో తుడవొద్దు. దుమ్ము వల్ల పోయేది ఏమీ లేదు, గీత పడితే మాత్రం పోదు.