ఓడినోడు ఫైనల్‌కు ఎట్ల పోతడు? ఏటీపీ ఫైనల్స్ లెక్క, వడ్ల గింజలతో

[తెర మీద: రాత్రి. ధాన్యం కొనుగోలు కేంద్రం. పరదాలు కప్పిన వడ్ల రాశులు. ఒక బస్తాకు ఆనించి పెట్టిన ఫోన్.]

నమస్తే అందరికీ. 2023 నవంబర్ 16, గురువారం రాత్రి. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో తిప్పర్తి దాటాక మా ఊరు. వానాకాలం వడ్లు కోసి సెంటర్‌లో పోసుకున్నాం. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా పెడతారు. అందుకని పగలంతా ఆరబోయడం, పొద్దు గూకంగనే కుప్ప చేసి పరదా కప్పడం, రాత్రికి కాపలా. ఆ రాత్రి కాపలా నాదీ, మా చిన్నాయనదీ.

ఒంటిగంటన్నరకు ఫోన్‌లో టెన్నిస్ పెట్టాను. మగవాళ్ల టెన్నిస్‌లో ఏడాది చివరి పెద్ద పోటీ, ఏటీపీ ఫైనల్స్. చిన్నాయన దుప్పటిలోంచి తల బయటపెట్టి, "ఎవడురా ఆ ఎర్రజుట్టు పిల్లగాడు?" అన్నాడు.

"సినర్. ఇటలీ వాడు. 22 ఏండ్లు. ఎదురుగా ఆడేటోడు రూనె."

"ఇది ఓడితే ఇంటికేనా?"

"కాదు చిన్నాయనా. ఓడినా వీడు సెమీస్‌కే పోతడు. వీడు ఓడితే ఇంటికి పోయేది జకోవిచ్."

చిన్నాయన లేచి కూర్చున్నాడు. "వీడు ఓడితే వాడు పోవుడేందిరా?"

ఈ వీడియో మొత్తం ఆ ప్రశ్నకు జవాబే.

[తెర మీద: ఎనిమిది మంది ఆటగాళ్ల బొమ్మలు, నలుగురేసి రెండు వరుసలు.]

టెన్నిస్ ఏడాది పొడుగునా దాదాపు నాకౌటే. వింబుల్డన్ సింగిల్స్‌లో 128 మంది దిగుతారు. ఒక్క మ్యాచ్ ఓడితే బ్యాగు సర్దుకోవాల్సిందే. నవంబర్‌లో వచ్చే ఈ ఏటీపీ ఫైనల్స్ వారం మాత్రం పద్ధతి వేరు. జనవరి నుంచి సంపాదించిన పాయింట్లు చూసి ఎనిమిది మందినే పిలుస్తారు. ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ (వింబుల్డన్ లాంటి నాలుగు పెద్ద పోటీల్లో ఒకటి) గెలిచినవాడు మొదటి ఏడుగురిలో లేకపోయినా, 20వ స్థానం లోపు ఉంటే ఎనిమిదో చోటు అతనికి ఇస్తారు. నలుగురేసి రెండు గ్రూపులు. ఒకటో నంబరు ఒక గ్రూపు, రెండో నంబరు ఇంకో గ్రూపు, మిగతావాళ్లను చీటీ తీసి పంచుతారు. ప్రతివాడూ తన గ్రూపులో మిగతా ముగ్గురితో ఆడాలి. పైన నిలిచిన ఇద్దరు సెమీస్‌కు. దసరాకు, సంక్రాంతికి మన ఊళ్లలో పెట్టే కబడ్డీ పోటీల్లో మైకులో 'లీగ్ కమ్ నాకౌట్' అని చెప్తారే, అచ్చం అదే.

గ్రూపులో ఇద్దరి గెలుపులు సమానమైతే బాధ లేదు. వాళ్లిద్దరి మధ్య జరిగిన మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు. ముగ్గురు సమానమైతేనే అసలు తిప్పలు. వీడు వాడిని కొట్టాడు, వాడు ఇంకొకడిని కొట్టాడు, ఆ ఇంకొకడు వీడిని కొట్టాడు. ఇక్కడ మ్యాచ్ అంటే మూడు సెట్లు, ముందు రెండు గెలిచినవాడిదే మ్యాచ్; ఒక్కో సెట్‌లో మళ్లీ గేమ్‌లు. అప్పుడు ఆడిన సెట్లలో ఎన్ని గెలిచాడన్న శాతం తీస్తారు. అదీ సమానమైతే గేమ్‌ల శాతం. క్రికెట్‌లో నెట్ రన్‌రేట్ చూసి చూసి ఉన్నాం కదా, ఆ వరుసలోదే ఇది.

[తెర మీద: గోనెసంచి మీద మూడు చోట్ల వడ్ల గింజలు. వేలితో జరుపుతున్న చెయ్యి.]

చిన్నాయనకు సెట్లంటే తెలియదు. శాతం మాత్రం బాగా తెలుసు, పదిరోజులుగా తేమ శాతం కోసమే కదా ఎదురుచూస్తున్నాడు. పిడికెడు వడ్లు తీసి గోనెసంచి మీద పరిచాను. ఫోన్ వెలుతురులో పెట్టిన ఆ లెక్కే మీకూ చూపిస్తా.

ఇది జకోవిచ్. రూనెను మూడు సెట్లలో గెలిచాడు, సినర్ చేతిలో మూడు సెట్లలో ఓడాడు, ఆ సాయంత్రమే రిజర్వు ఆటగాడు హుర్కాచ్‌ను మూడు సెట్లలో గెలిచాడు. ఆడినవి 9 సెట్లు, గెలిచినవి 5. తొమ్మిది గింజల్లో ఐదు ఇటు, నాలుగు అటు. దాదాపు 56 శాతం. ఆయన మూడు మ్యాచ్‌లూ అయిపోయాయి, ఇక చేతిలో ఏమీ లేదు.

ఇది సినర్. సిట్సిపాస్ మీద రెండు సెట్లు, జకోవిచ్ మీద రెండిచ్చి ఒకటి... కాదు, రెండు గెలిచి ఒకటి ఇచ్చాడు. ఐదింట్లో నాలుగు. రూనె చేతిలో వరుసగా రెండు సెట్లు ఓడాడనుకుందాం. ఏడింట్లో నాలుగు, అంటే 57 శాతం. చూడండి, జకోవిచ్ కంటే ఇంకా పైనే!

ఇది రూనె. సిట్సిపాస్ నడుం నొప్పితో మూడు గేమ్‌లకే తప్పుకున్నాడు. అలా తప్పుకుంటే ఎదుటివాడికి రెండు సెట్ల గెలుపు రాస్తారు. సిట్సిపాస్ అలా తప్పుకున్నందుకే అతని స్థానంలో హుర్కాచ్ వచ్చాడు. రూనె ఇప్పుడు సినర్‌ను రెండు సెట్లలో కొడితే ఏడింట్లో ఐదు, 71 శాతం. మూడు సెట్లలో కొడితే సినర్, రూనె ఇద్దరికీ ఎనిమిదింట్లో ఐదు. ఎటు తిప్పినా మూడోవాడు జకోవిచ్చే.

చిన్నాయన గింజలను మళ్లీ లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"అయితే వీడు ఓడితేనే మంచిది కదరా వీడికి? పెద్దోడు బయటికి పోతడు, కప్పు వీడిదే."

నాకు ఈ టోర్నమెంట్ మీద ప్రేమ పుట్టింది ఈ ప్రశ్న దగ్గరే. నాకౌట్‌లో ఎవడైనా ప్రాణం పెట్టి ఆడతాడు, ఆడకపోతే ఇల్లే. ఇక్కడ సినర్‌కు సెమీస్ సీటు ఖాయమైపోయింది. ఎదురుగా తన దారిలో అడ్డం వచ్చే ఒకే ఒక్కడిని, 24 గ్రాండ్‌స్లామ్‌ల జకోవిచ్‌ను, రాకెట్ కాస్త వదులుగా పట్టుకుంటే చాలు, సాగనంపొచ్చు. గ్రూపులో ప్రతి గెలుపుకూ 200 పాయింట్లు ఉన్నాయి, డబ్బు ఉంది, నిజమే. కానీ కప్పు ముందు అవెంత?

[తెర మీద: స్కోరు. 6-2, 5-7, 6-4.]

మొదటి సెట్ సినర్ 6-2తో గెలిచాడు. రెండోది 5-7తో పోయింది. ఆట వదిలేయడానికి అంతకన్నా మంచి సాకు ఉండదు. మూడో సెట్‌లో అతను పరుగెత్తిన పరుగు నేను మర్చిపోలేను. 6-4తో గెలిచాడు. జకోవిచ్ సెమీస్‌కు చేరాడు, ఈ మ్యాచ్‌లో ఒక్క బంతీ కొట్టకుండానే. పరదాల మీద మంచు నీళ్లై కారుతోంది. చిన్నాయన, "పిల్లగాడు నిజమైనోడురా" అన్నాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. శనివారం జకోవిచ్ అల్కరాజ్‌ను, సినర్ మెద్వెదెవ్‌ను ఓడించారు. ఆదివారం నవంబర్ 19. ఆ తేదీ మనందరికీ గుర్తే, అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా చేతిలో ప్రపంచకప్ పోగొట్టుకున్న రోజు. ఊరంతా మాటల్లేకుండా తలుపులు వేసుకున్నాక, రాత్రి పదిన్నర తర్వాత ఆ ఫైనల్. జకోవిచ్ 6-3, 6-3. ఆయనకు అది ఏడో టైటిల్, ఇప్పటికీ అదే రికార్డు. ఫెదరర్‌వి ఆరు. నాదల్ ఎన్నో ఏళ్లు ఆడి, 2010లో, 2013లో ఫైనల్ దాకా పోయినా ఈ ఒక్క కప్పు మాత్రం అతనికి దక్కలేదు.

[తెర మీద: ప్రపంచ పటం మీద చుక్కలు.]

చరిత్ర చకచకా చెప్పేస్తా. 1970లో టోక్యోలో మొదలైంది, తొలి విజేత స్టాన్ స్మిత్. 1977 నుంచి 1989 దాకా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. 2009 నుంచి 2020 దాకా లండన్. 2021 నుంచి ఇటలీలోని ట్యూరిన్.

దారిలో ఒక్కచోట మాత్రం ఆగాలి. 2005, షాంఘై. గాయాలతో పెద్దవాళ్లు తప్పుకుంటే ఖాళీలో చోటు దొరికినవాడు అర్జెంటీనా నల్బాండియన్. గ్రూపులో ఫెదరర్ చేతిలో ఓడాడు. ఫైనల్‌లో మళ్లీ అదే ఫెదరర్, వరుసగా 35 మ్యాచ్‌లు గెలిచి ఉన్నవాడు. అప్పట్లో ఫైనల్ ఐదు సెట్లు. మొదటి రెండు సెట్లూ టైబ్రేక్‌లో, అంటే 6-6 అయ్యాక ఆడే తేల్చే గేమ్‌లో, పోయాయి. తర్వాత మూడూ నల్బాండియన్‌వే, ఆఖరిది కూడా టైబ్రేక్‌లోనే. ఈ వీడియో పేరులో పెట్టిన ప్రశ్నకు అసలైన జవాబు ఆయనే: ఓడినోడు అట్ల పోతడు, పోయి గెలుస్తడు కూడా.

చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. నవంబర్‌లో ఇటలీకి మనకు నాలుగున్నర గంటల తేడా. 2023లో వాళ్ల మధ్యాహ్నం రెండున్నర మ్యాచ్ మనకు రాత్రి ఏడింటికి వచ్చింది. వాళ్ల రాత్రి మ్యాచ్‌కైతే వడ్ల కాపలా ఉండాల్సిందే.

మరుసటి ఏడు, 2024లో, మళ్లీ అదే సెంటర్, అవే పరదాలు. సినర్ ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా కప్పు గెలిచాడు, ఫైనల్‌లో ఫ్రిట్జ్ మీద 6-4, 6-4. నేను ఎగిరి గంతేశాను. చిన్నాయన తెర వైపే చూస్తూ, "ఆ పెద్దోడు ఏడిరా?" అన్నాడు.

"గాయమైందట, ఈసారి రాలేదు."

"వాడు కూడా ఉంటే బాగుండు," అని పరదా అంచు సరిచేయడానికి లేచాడు.